చెవి దిబ్బడ, వర్నియర్, ఒక వణికే పెట్టె

మే 27, మంగళవారం

నాలుగు నెలలుగా కుడి చెవి దిబ్బడేసి ఉంటోంది. కాలవలో మునిగి లేచాక నీళ్ళు చెవిలో ఉండిపోతే ఎలా ఉంటుందో అచ్చం అలాగే. రోజంతా ఉండదు, వస్తుంది పోతుంది. వచ్చినప్పుడు లోపల ఎవరో వేలు పెట్టి నొక్కుతున్నట్టు బరువు, కొంచెం హోరు, అప్పుడప్పుడు కణత దాకా లాగే సన్న పోటు.

మొదట గులిమి అనుకున్నాం. ఈఎన్‌టీ డాక్టరు గారు కొంచెం ఉంటే తీసేశారు, దిబ్బడ మాత్రం కదల్లేదు. చుక్కల మందు రెండు వారాలు వేసుకున్నా. తర్వాత వినికిడి పరీక్ష. ఆటోనగర్‌లో ఇరవై ఏళ్ళుగా లేత్ మిషన్ పక్కన నిలబడుతున్నవాడికి ఏం వస్తుందో అదే వచ్చింది: 4000 హెర్ట్జ్ దగ్గర గ్రాఫులో చిన్న గుంట, మిగతాదంతా సాఫీ. "ఈ గుంట మోత వల్ల వచ్చింది. రెండు చెవుల్లోనూ ఉంది. మీరు చెప్పే దిబ్బడ ఒక్క కుడివైపే కదా, దానికీ దీనికీ పొత్తు లేదు" అన్నారాయన. కర్ణభేరి వెనక గాలి ఒత్తిడి కూడా చూశారు, మామూలుగానే ఉంది. చివర్లో చీటీ రాస్తూ తలెత్తకుండా, "ఒకసారి పళ్ళ డాక్టరుకి చూపించండి" అన్నారు.

నిజం చెప్తున్నా, నన్ను వదిలించుకోవడానికి అన్నారేమో అనుకున్నా. చెవి నొప్పంటే పళ్ళ డాక్టరా!

రాత్రి భోంచేశాక ఊరికే చిటికెన వేలు చెవిలో పెట్టుకుని నోరు తెరిచి మూసి చూశా. వేలి కింద ఏదో గుండ్రంగా కదిలింది. నోరు తెరిస్తే ముందుకు జారింది, మూస్తే వెనక్కొచ్చి వేలిని తోసింది. దవడ కీలు. ఇన్నేళ్ళూ ఈ కీలు చెవి గోడకి ఆనుకునే ఉందన్న సంగతి నాకు తెలీదు. కుడివైపు తెరిచేటప్పుడు మధ్యలో 'టక్' మంటోంది. ఎడమవైపు చప్పుడు లేదు.

షాపులో ఏదైనా మిషన్ మొరాయిస్తే ముందు అది ఎప్పుడెప్పుడు మొరాయిస్తోందో గోడ మీద సుద్దతో రాసుకుంటా. విప్పడం ఆ తర్వాత. చెవికీ అదే చేద్దామని ఈ నోటుపుస్తకం తీశా.

మే 30, శుక్రవారం

పళ్ళ డాక్టరు మేడమ్ గారు నోట్లో చూసే ముందు బయటే చాలాసేపు నొక్కి చూశారు. చెవి ముందు, చెక్కిలి మీద, కణతల దగ్గర. చెక్కిలి వెనక భాగంలో, పళ్ళు బిగిస్తే గట్టిపడే కండ మీద, బొటనవేలితో నొక్కి పట్టుకోగానే నా చెవిలో ఆ బరువు వచ్చేసింది. చెక్కిలి నొక్కితే చెవిలో! "ఇదేనా మీరు చెప్పేది?" అన్నారు. ఇదే.

లోపల బుగ్గకి పళ్ళ వరసన తెల్లటి గీత, నాలుక అంచుకి పళ్ళ అచ్చులు. రెండూ పళ్ళు బిగబట్టేవాళ్ళలో తరచు కనబడతాయట. ఎక్స్‌రేలో జ్ఞానదంతాలు సరిగ్గానే ఉన్నాయి, పిప్పి పన్ను లేదు. వక్క నములుతారా అని అడిగారు. భోజనం తర్వాత ఒక పలుకు, అదీ కుడివైపే. పొగాకు, గుట్కా? లేదు. ఆ ప్రశ్న రెండుసార్లు అడిగారు. ఎందుకో అర్థం కాలేదు.

నాకు అర్థమైనంతలో విషయం ఇది. మెదడు నుంచి వచ్చే పన్నెండు జతల నరాల్లో అయిదోదానికి మూడు కొమ్మలు. మూడో కొమ్మ కింది దవడకి పోతుంది. నమిలే కండలన్నీ దాని కిందే. దాని రెమ్మ ఒకటి దవడ కీలుకీ, చెవి రంధ్రం ముందు గోడకీ, కర్ణభేరి బయటి వైపుకీ, కణతకీ కూడా పోతుంది. నాలుగిళ్ళకి ఒకే సర్వీసు వైరన్నమాట. గొడవ ఏ ఇంట్లో ఉన్నా అరుపు ఒకే తీగ మీద వస్తుంది, మెదడు ఒక్కోసారి ఇల్లు తప్పు చెప్తుంది. ఇంకోటి కూడా ఉంది. కర్ణభేరిని బిగించే చిన్న కండ, గొంతు నుంచి చెవికి గాలి పోయే గొట్టాన్ని తెరిచే కండ, ఈ రెండూ కూడా ఆ మూడో కొమ్మ ఆజ్ఞలోనే ఉంటాయి. దవడ బిగిసినప్పుడు ఇవీ బిగుస్తాయా, దిబ్బడ అందువల్లేనా అన్నది డాక్టర్లలో ఇంకా తెగని చర్చ. నొప్పి సంగతి మాత్రం దాదాపు తేలిందే.

రాత్రి ఫోన్లో దీని చరిత్ర చదివా. 1934లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జేమ్స్ కోస్టెన్ అనే ఈఎన్‌టీ డాక్టరే దవడకీ చెవికీ ముడిపెట్టి రాశాడు. వెనక పళ్ళు ఊడిపోతే దవడ లోపలికి దిగబడి చెవి దగ్గరి నరాన్నీ గొట్టాన్నీ నొక్కుతుందన్నాడు. తర్వాత శవాలు కోసి చూసినవాళ్ళు, ఆయన చెప్పిన నొక్కుడు అక్కడ జరిగే పని కాదని తేల్చారు. కానీ ఆ రోగులకి ఆ బాధలు జంటగా వస్తున్న మాట నిజమే. చూసింది సరిగ్గా చూశాడు, కారణం తప్పు చెప్పాడు. షాపులో నాకిది కొత్త కాదు. బేరింగ్ పోయిందని గేరు మార్చిన రోజులు నాకూ ఉన్నాయి.

జూన్ 1, ఆదివారం

రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండంటారు కదా, పొద్దున పదింటికే బెజవాడ రోడ్ల మీద మనిషి లేడు. ఇంట్లో కూర్చుని నోటి తెరుపు కొలిచా.

షాపులో కొలతలు తీసే స్టీలు వర్నియర్ నోట్లో పెట్టుకోబోతుంటే మా ఆవిడ చూసి, "ఏవండీ, ఆ గ్రీజు ముట్టుకున్న వస్తువేనా? ముందు కింద పెట్టండి" అంది. పిల్లాడి జామెట్రీ బాక్సులోంచి ప్లాస్టిక్ స్కేలు, కొత్త ప్లాస్టిక్ వర్నియర్ తెచ్చుకున్నా. పై ముందు పన్ను అంచు నుంచి కింది ముందు పన్ను అంచు దాకా. మూడు రీడింగులు: 37, 39, 38. మామూలుగా 40 మిల్లీమీటర్లు, అంతకు పైన ఉండాలట. మన వేళ్ళు మూడు నిలువుగా పట్టాలని ఇంకో లెక్క. నాకు మూడో వేలు ఇరుగ్గా పట్టింది.

మధ్యాహ్నానికి గానీ వెలగలేదు, జీరో ఎర్రర్ మర్చిపోయానని. నోరు మూసినప్పుడు పై పళ్ళు కింది పళ్ళ మీదికి 3 మిల్లీమీటర్లు దిగి ఉంటాయి. దవడ అసలు కదలిక లెక్కగట్టాలంటే దాన్ని కలుపుకోవాలి. అంటే 41. పరవాలేదు. అద్దంలో చూస్తే తెరిచేటప్పుడు గడ్డం కుడివైపుకి వంగి, టక్ మన్నాక మళ్ళీ మధ్యకొస్తోంది. ముక్కు కొస నుంచి దారం వేలాడేసి చూస్తే స్పష్టంగా కనబడింది.

ఇక అమ్మ సిద్ధాంతం అమ్మది. "కూలర్ గాలి సూటిగా చెవిలో కొడుతుంటే దిబ్బడ వేయక ఏం చేస్తుందిరా. వెల్లుల్లి కాచిన నూనె రెండు చుక్కలు పోయనా?" వద్దన్నా. కర్ణభేరికి ఎక్కడైనా చిల్లుంటే నూనె లోపలికి పోతుందని ఈఎన్‌టీ ఆయన గట్టిగా చెప్పారు. కూలర్ మాత్రం పక్కకి తిప్పేశా, అమ్మ మాట తీసేసినట్టు ఉండకూడదని.

జూన్ 5, గురువారం

మేడమ్ ఇచ్చిన పని: పగలు పళ్ళు ఎప్పుడెప్పుడు కలిసి ఉంటున్నాయో గమనించుకోవడం. పెదాలు కలవాలి, పళ్ళు కలవకూడదు, నాలుక కొస 'ల' అనబోయి ఆగిన చోట ఉండాలి. దవడకి అదే విశ్రాంతి స్థితి. నమిలేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పై పళ్ళకీ కింది పళ్ళకీ పనే లేదు. రోజు మొత్తం మీద ఆ తాకిడంతా కూడినా నిమిషాల్లోనే ఉండాలట, గంటల్లో కాదు.

గమనించుకోమనడం తేలిక. గమనించుకుందామని అనుకున్న క్షణంలోనే పళ్ళు విడిపోతాయి కదా! మనం ఎదురుచూడని సమయంలో ఎవరో తట్టి "ఇప్పుడు?" అని అడగాలి. ఆ తట్టేదాన్ని నేనే చేసుకుందామనుకున్నా. గవర్నర్‌పేట వెళ్ళి ఆర్డుయినో నానో అనే, ప్రోగ్రాము ఎక్కించుకునే చిన్న బోర్డు, సెల్‌ఫోన్లో ఉండే నాణెం లాంటి వణికే మోటారు, దానికి స్విచ్‌లా పనిచేసే 2ఎన్2222 ట్రాన్సిస్టరు, ఒక డయోడు, రెండు మూడు రెసిస్టర్లు పట్టుకొచ్చా. పది నుంచి పాతిక నిమిషాల మధ్య ఎప్పుడో ఒకప్పుడు అర సెకను వణకాలి. చొక్కా జేబులో పడుతుంది, మోతలో వినబడకపోయినా ఒంటికి తెలుస్తుంది.

మొదటి తప్పు: మోటారుని నేరుగా నానో పిన్నుకి కలిపేశా. ఆ పిన్ను 40 మిల్లీ ఆంపియర్లకి మించి ఇవ్వకూడదు, మోటారు దానికి రెట్టింపు లాగుతుంది. ట్రాన్సిస్టరు కొనుక్కొచ్చింది ఎందుకో! విప్పి మళ్ళీ సరిగ్గా కలిపా. మోటారు ఆగేటప్పుడు వెనక్కి తన్నే కరెంటు కోసం డయోడు అడ్డం పెట్టా.

రెండో తప్పు నాది కాదు, పవర్ బ్యాంకుది. నానో తాగే కరెంటు ఎంత తక్కువంటే, ఏమీ తగిలించలేదనుకుని పవర్ బ్యాంకు అర నిమిషానికల్లా ఆరిపోయింది. దాన్ని పక్కన పడేసి మూడు పెన్సిల్ సెల్స్ పెట్టా. డబ్బా అగ్గిపెట్టెకి రెండింతలుంది. దానికి అల్యూమినియం ముక్కలోంచి మూత మిల్లింగ్ చేసుకున్నా. అక్కర్లేదు, కానీ చేతిలో మిషనుంటే ఊరుకోలేం.

జూన్ 8, ఆదివారం

మూడు రోజులు జేబులో వేసుకు తిరిగాక అనుమానం వచ్చింది. స్విచ్ వేసిన పావుగంటకి మొదటిది, తర్వాత పది నిమిషాలకి, తర్వాత చాలాసేపటికి. నిన్నా ఇదే వరస. మొన్నా ఇదే. నా దవడకి వేళలు కంఠతా వచ్చేశాయి, పెట్టె వణికే ముందే పళ్ళు విడిపోయి మర్యాదగా కూర్చుంటున్నాయి.

కారణం: నానోలోని చిప్ ఇచ్చే యాదృచ్ఛిక సంఖ్యలు నిజంగా యాదృచ్ఛికం కావు. విత్తనం, అంటే మొదలుపెట్టడానికి ఒక సంఖ్య, వేయకపోతే స్విచ్ వేసిన ప్రతిసారీ అదే వరస మొదటి నుంచి చదువుతుంది. దేనికీ తగిలించని ఒక అనలాగ్ పిన్ను మీద గాలివాటంగా వచ్చే ఓల్టేజీని విత్తనంగా ఇచ్చా. ఇప్పుడు నాకూ తెలీదు, దానికీ తెలీదు. మూడు రోజుల లెక్క కొట్టేశా.

జూన్ 14, శనివారం

సోమవారం నుంచి ఇవాళ్టి దాకా, రోజూ పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు వరకు. వణికినప్పుడల్లా మూడు సంగతులు: పళ్ళు కలిసున్నాయా, చేతిలో పనేంటి, చెవి బాధకి పదిలో ఎన్ని మార్కులు. రాసుకోగలిగినవి 171. పళ్ళు కలిసున్నవి 98.

సగానికి పైన! ఎవరైనా అడిగుంటే పదికి ఒకటి అనేవాణ్ణి.

పనుల వారీగా విడదీస్తే ఇంకా చిత్రం. కస్టమర్లతో మాట్లాడేటప్పుడు, బిల్లులు రాసేటప్పుడు తక్కువే. త్రెడ్డింగ్ (మరలు కోయడం) చేసేటప్పుడు, సన్నటి బోరు (రంధ్రం) తీసేటప్పుడు 50సార్లు వణికితే 46సార్లు పళ్ళు బిగబట్టే ఉన్నా. టూల్ వెంట్రుకవాసి లోపలికి పోతే జాబ్ (చేస్తున్న ముక్క) పాడైపోతుందన్న టెన్షన్ చేతుల్లో కాక దవడలో కూర్చుంటోందన్నమాట. మా కుర్రాడు శీను పక్క నుంచి చూసి, "అన్నా, త్రెడ్డింగప్పుడు నీ కణత దగ్గర కొట్టుకుంటది, నేనెప్పుడో చూశా" అన్నాడు. ముందే చెప్పొద్దూ!

నేను అనుమానించింది రాత్రిని. నిద్రలో పళ్ళు కొరుకుతున్నానేమోనని మా ఆవిడని కనిపెట్టమన్నా కూడా. గురక తప్ప ఏమీ వినబళ్ళేదట. చప్పుడు లేకుండా బిగబట్టేవాళ్ళూ ఉంటారు కాబట్టి దాన్నిబట్టే తేల్చలేం. కానీ చెవి మార్కులు చూస్తే పొద్దున లేచేసరికి ఒకటి, రెండు. సాయంత్రం నాలుగు దాటాక ఆరు. రాత్రి పని చేసే దొంగయితే పొద్దున్నే ఎక్కువ ఉండాలి. పట్టిక చూపిస్తే మేడమ్ కూడా అదే అన్నారు.

జూన్ 16, సోమవారం

నిన్న మా బావ వాళ్ళింట్లో మేక మాంసం, పైన మూడు కారప్పూసలు, ఆఖర్న కిళ్ళీ. ఇవాళ చెవికి ఏడు మార్కులు.

జూన్ 21, శనివారం

వక్క మానేశా. రెండు వారాలు మెత్తటి తిండి: ఇడ్లీ, ముద్దపప్పు, పెరుగన్నం. రాత్రి వేడినీళ్ళలో పిండిన తువ్వాలుతో చెక్కిళ్ళకి పావుగంట కాపడం. నాలుక కొస అంగిటికి ఆనించే ఉంచి, అది విడిపోనంత మేరకే నోరు తెరిచి మూయడం, ఆరుసార్లు, రోజుకి ఆరు విడతలు. ఆవలింత వస్తే గడ్డం కింద చెయ్యి. హెల్మెట్ పట్టీ ఒక రంధ్రం వదులు చేశా. బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్లో ఆగినప్పుడల్లా గడ్డం దాని మీద నొక్కి పెడుతున్నానని ఒక ఆదివారం బండి మీద పెట్టె చెప్పింది.

ఇంకో పళ్ళ డాక్టరు దగ్గరికి, తెలిసినవాళ్ళు పంపితే వెళ్ళా. అక్కడ నోరు చూసిన రెండు నిమిషాల్లో "కాటు సరిగా లేదు, నాలుగు పళ్ళు అరగదీసి సరిచేద్దాం" అన్నారు. లేచి వచ్చేశా. ఎక్కువ కోసేసిన జాబ్‌కి మళ్ళీ లోహం అతికించలేమని నాకు ఒకరు చెప్పక్కర్లేదు. వెనక్కి తీసుకోలేని పనులు ఈ జబ్బుకి ముందు చేయకూడదని మా మేడమ్ మొదటి రోజే చెప్పారు. రాత్రి పళ్ళ మీద పెట్టుకునే ప్లేటు కూడా ఇప్పుడే వద్దు, అవసరమైతే చూద్దామన్నారు. శీను అయితే నైలాన్ రాడ్‌లోంచి ప్లేటు లేత్ మీద తీసిపెడతానన్నాడు. వాడి ఉత్సాహానికి దండం.

జూన్ 28, శనివారం

ఈ వారం దొరికింది నేను వెతకనిది. త్రెడ్డింగ్ చేస్తూ పెట్టె వణగ్గానే ఉన్న పళాన ఆగి నన్ను నేను చూసుకున్నా. మెడ ముందుకి సాగి, కళ్ళు చికిలించి, డయల్ మీదికి వంగి ఉన్నా. గీతలు కనబడక! నలభై మూడేళ్ళొచ్చాయి, చత్వారం వచ్చిందని ఒప్పుకోవడానికి సిగ్గు. సత్యనారాయణపురంలో కళ్ళు పరీక్ష చేయించుకుంటే ప్లస్ ఒకటింపావు అన్నారు. అద్దాలు తీసుకున్నా. టూల్ పోస్టు పక్కన అయస్కాంతం దీపం ఒకటి పెట్టా. డయల్ తనంతట తానే నా దగ్గరికి వచ్చినట్టుంది.

చెవికి పళ్ళ డాక్టరు అన్నప్పుడు నవ్వుకున్నా. ఇప్పుడు చెవికి కళ్ళ డాక్టరు.

జూలై 12, శనివారం

రెండో విడత లెక్క, మళ్ళీ సోమవారం నుంచి శనివారం. రాసినవి 168. పళ్ళు కలిసున్నవి 39. త్రెడ్డింగ్, సన్న బోరు పనుల్లో 48కి 21. సాయంత్రం చెవి మార్కులు మూడుకి దిగాయి. నోటి తెరుపు జీరో ఎర్రర్ కలుపుకుని 44. టక్ మాత్రం అలాగే ఉంది. నొప్పి లేని చప్పుడుకి మందక్కర్లేదని మేడమ్ అన్నారు, నేనూ వదిలేశా.

అమ్మ మాత్రం ఒప్పుకోదు. "వానలు పడ్డాయి, కూలర్ ఆపేశావు, అందుకే తగ్గింది." దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. వక్క, తిండి, కాపడం, అద్దాలు, కూలర్ అన్నీ ఒక్క నెలలోనే మార్చేశా. మిషన్‌కి ఒకేసారి నాలుగు స్క్రూలు తిప్పితే ఏది పని చేసిందో ఎలా తెలుస్తుంది? శీను అలా చేస్తే తిడతా.

జూలై 17, గురువారం

జవాబు కొంత దొరికింది. అర్జంటు ఆర్డరు, అరవై స్టడ్‌లు (మరలున్న కడ్డీలు), సాయంత్రానికి ఇవ్వాలి. అద్దాలు ఇంట్లో మర్చిపోయా, పెట్టెలో సెల్స్ అయిపోయాయి. వాన పడుతూనే ఉంది, కూలర్ ఊసే లేదు, వక్క ముట్టలేదు. ముప్పయ్యో స్టడ్ దగ్గర చెవి మూసుకుంది. అరవయ్యోదానికి ఏడు మార్కులు. అమ్మకి చెప్తే, "తడిగాలి" అంది.

జూలై 23, బుధవారం

పెట్టె సంగతి వీధిలో పాకింది. రెండు షెడ్ల అవతల వెల్డింగ్ చేసే తమ్ముడొకడు వచ్చి, "అన్నా, నాకూ ఎడమ చెవిలో రెండు నెలల నుంచి పోటు. డాక్టరు చెవి బానే ఉందన్నాడు. నాకూ ఒకటి చేసిపెట్టు, డబ్బులిస్తా" అన్నాడు. ముప్పయ్యేళ్ళు లేవు. చొక్కా జేబులో గుట్కా పొట్లం కొస కనబడుతోంది.

నోరు తెరవమన్నా. రెండు వేళ్ళే పట్టాయి. కడిగిన ప్లాస్టిక్ వర్నియర్ పెడితే 26. కారం తగిలితే మంటా అంటే, ఏడాదిగా పచ్చడి తినడం లేదన్నాడు. గుంటూరు మనిషి పచ్చడి మానేశాడంటే చిన్న విషయం కాదు. టార్చి వేసి చూస్తే బుగ్గల లోపల పాలిపోయి, తెల్లటి పట్టీలు కట్టినట్టుంది.

మేడమ్ నన్ను రెండుసార్లు అడిగిన ప్రశ్న అప్పుడు గుర్తొచ్చింది. వక్క, గుట్కా నమిలేవాళ్ళకి బుగ్గల లోపలి పొర నారలా గట్టిపడి నోరు క్రమంగా మూసుకుపోతుంది. దాన్ని వదిలేస్తే కొందరిలో క్యాన్సరుగా మారుతుంది. చెవిలో ఏమీ లేకుండా ఒకవైపే వదలని పోటు వస్తుంటే, అందులోనూ పొగాకు అలవాటున్నవాళ్ళకి, నాలుక మొదలూ గొంతూ చూడకుండా దవడ మీదికి నెట్టకూడదు. గొంతు నుంచి కూడా చెవికి నరాలున్నాయి, ఆ ఇంటి గొడవా ఈ ఇంట్లోనే వినబడుతుంది.

పెట్టె చేయనన్నా. మొహం చిన్నబుచ్చుకున్నాడు. 26 మిల్లీమీటర్లు, రెండు నెలలు, ఎడమ చెవి, మంట, గుట్కా ఆరేళ్ళు అని చీటీ మీద రాసి ఇచ్చా. శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి ప్రభుత్వ దంత వైద్యశాలకి నా బండి మీద తీసుకెళ్తానన్నా. షాపు శీను తెరుస్తాడు.